ఖాళీ వలయం వెనక ఉన్నది ప్రోటీనేనా: మట్టి బ్యాక్టీరియాతో ఒక వెతుకులాట

నా పాత ప్రయోగశాల పుస్తకంలో ఒక పేజీ మధ్యన ఎర్ర సిరాతో "దొరికింది!" అని ఉంటుంది. పక్కన పెన్సిల్‌తో గీసుకున్న పెట్రీ ప్లేటు బొమ్మ, అందులో 22 మిల్లీమీటర్ల ఖాళీ వలయం, అంటే ఒక బ్యాక్టీరియా చుట్టూ మరో బ్యాక్టీరియా పెరగలేకపోయిన చోటు. అదే పేజీ అడుగున, పదకొండు రోజుల తరువాతి తేదీతో, నీలి సిరాలో ఒకే మాట: "ఆమ్లం". ఆ పదకొండు రోజులూ నేను కొత్త ప్రోటీన్‌కు ఏ పేరు పెట్టాలా అని తలపోస్తూ గడిపాను. నేను పట్టుకున్న బ్యాక్టీరియా చేసిందల్లా మాధ్యమంలోని, అంటే దాన్ని పెంచే పోషక పదార్థంలోని, గ్లూకోజు తిని ఆమ్లం విడవడమే. పీహెచ్ కాగితం ముక్క ఒకటి ముంచి చూసి ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

ఆ తరువాత ఇరవై ఏళ్లుగా ఇదే పనిని విద్యార్థుల చేత చేయిస్తున్నాను. మట్టిలోంచి బ్యాక్టీరియాను తీయడం, తోటి సూక్ష్మజీవులను చంపే ప్రోటీన్ ఏదైనా అది తయారుచేస్తున్నదేమో చూడడం. వలయం తెప్పించడం పెద్ద కష్టం కాదు, చెంచాడు మట్టి చాలు. ఆ వలయానికి కారణం ప్రోటీనే అని నిలబెట్టడంలోనే కష్టమంతా ఉంది. అందుకే మొదటి మెట్లు త్వరగా ఎక్కించి, అనుమానితులను ఒక్కొక్కరినీ విచారించే చోట ఎక్కువసేపు ఆపుతాను.

ఒక షరతు. ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్, రక్షణ గదులు, తెలిసిన పెద్దవాళ్ల పర్యవేక్షణ ఉన్న ప్రయోగశాలలోనే ఈ పని చేయండి, ఇంట్లో వద్దు. మట్టిలోంచి వచ్చే కాలనీ, అంటే ప్లేటు మీద కంటికి కనిపించేలా పెరిగిన బ్యాక్టీరియా గుంపు, ఏ జాతిదో మొదట ఎవరికీ తెలియదు. బాసిల్లస్ సీరియస్ లాంటి, ఆహారాన్ని విషం చేసే జాతులు మట్టిలో మామూలుగానే ఉంటాయి. పేరు తేలేవరకు ప్రతి కాలనీనీ ప్రమాదకరమైనదిగానే చూడాలి. ప్లేటు మూత తీసి వాసన చూసే అలవాటు ఉంటే ఈ రోజుతో మానేయండి.

దేనికోసం వెతుకుతున్నాం

చేతిలో పార పట్టేముందు మాటలను వేరు చేసుకుందాం. ఇక్కడ చాలామంది అన్నిటినీ ఒకే గాట కట్టేస్తారు.

కణంలో ప్రోటీన్లను కట్టే రైబోజోమ్ మీద, జన్యువులోని సంకేతం ప్రకారం తయారై, తోటి బ్యాక్టీరియాను చంపే ప్రోటీన్లను బ్యాక్టీరియోసిన్లు అంటారు. మొదటిదాన్ని 1925లో ఆండ్రే గ్రాషియా ఈ. కోలైలో గుర్తించారు. అందరికీ తెలిసిన నైసిన్ 34 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది లాక్టోకాకస్ లాక్టిస్ నుంచి వస్తుంది, ఆహారం చెడిపోకుండా వాడతారు. దానికి మట్టిలో ఉండే దాయాది సబ్‌టిలిన్. బాసిల్లస్ సబ్‌టిలిస్ దాన్ని 32 అమైనో ఆమ్లాలతో కడుతుంది. ఇవి చిన్నవి. వీటితో పాటు శిలీంధ్రాల గోడలను కొరికే కైటినేజ్, గ్లూకనేజ్ లాంటి పెద్ద ఎంజైములు, బ్యాక్టీరియా గోడలను కరిగించే ఎంజైములు కూడా ప్రోటీన్లే.

ఇక రెండో జట్టు. 1939లో రెనే డ్యూబో మట్టి బాసిల్లస్ నుంచి టైరోత్రిసిన్ తీశారు. అందులో ఉన్నవి గ్రామిసిడిన్, టైరోసిడిన్. ఇవీ అమైనో ఆమ్లాల గొలుసులే, కానీ రైబోజోమ్ మీద కాకుండా పెద్ద ఎంజైముల వరుస మీద తయారవుతాయి. బాసిట్రాసిన్, సర్ఫాక్టిన్ కూడా ఈ జట్టువే. వీటిని ప్రోటీన్ అనకూడదు, పెప్టైడ్ అంటే తప్పులేదు. స్ట్రెప్టోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌లైతే అమైనో ఆమ్లాల గొలుసులే కావు, అవి మూడో జట్టు. మీకు కనిపించే వలయం ఈ మూడు జట్లలో దేనిదైనా కావచ్చు. పై నుంచి చూస్తే మూడూ ఒక్కలాగే ఉంటాయి.

డ్యూబో పద్ధతిలో నాకు నచ్చే విషయం ఒకటుంది. ఆయన మట్టిలో ఏముందో చూసి ఊరుకోలేదు. మట్టిలో బతికున్న గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను (బయటి పొర లేని, మందమైన గోడ ఉన్న రకం) పదేపదే కలిపి, వాటిని తినగలిగినవి అక్కడ పెరిగేదాకా ఆగారు. ఎర వేసి ఆగడం అన్నమాట. మీకు నెల రోజుల ఓపిక ఉంటే, గిన్నెడు మట్టిలో వారానికి రెండుసార్లు మైక్రోకాకస్ లూటియస్ కల్చర్‌ను కలుపుతూ ఉండండి. నా అనుభవంలో అలా ఎర వేసిన మట్టి మామూలు మట్టి కంటే ఎక్కువ వలయాలు ఇచ్చింది.

మట్టి నుంచి ప్లేటు దాకా

పైనున్న ఎండు పొరను గీరేసి, 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులో, వీలైతే మొక్క వేళ్లకు అంటుకున్న మట్టిని శుద్ధిచేసిన గరిటెతో తీయండి. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. అదే రోజు వాడలేకపోతే 4 డిగ్రీల దగ్గర ఉంచండి. సంచి మీద తేదీ, చోటు, లోతు, అక్కడ ఏ మొక్క ఉందో రాయండి. ఈ చివరిది ఎవరూ రాయరు. ఆరు నెలల తరువాత మళ్లీ అదే మట్టి కావలసి వచ్చినప్పుడు గుర్తుండేది మాత్రం ఆ మొక్కే.

మట్టిని రెండు భాగాలు చేయండి. ఒక గ్రామును 9 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పునీటిలో కలిపి గట్టిగా కుదిపి, ఒక భాగాన్ని 80 డిగ్రీల నీటి తొట్టిలో 10 నిమిషాలు ఉంచండి. గట్టి కవచంతో నిద్రపోయే సిద్ధబీజాలు (స్పోర్లు) మాత్రమే ఆ వేడిని తట్టుకుంటాయి, కాబట్టి ఈ భాగంలో దాదాపు అన్నీ బాసిల్లస్, దాని బంధువులే వస్తాయి. వేడి చూపని భాగంలో సూడోమోనాస్ లాంటివి మిగులుతాయి. రెంటినీ పదేసి రెట్లు పలచన చేస్తూ ఆరో మెట్టు దాకా వెళ్లి, మూడు నుంచి ఆరు దాకా ఉన్న పలచనలను 0.1 మిల్లీలీటరు చొప్పున న్యూట్రియెంట్ అగర్ అనే గడ్డకట్టిన మాధ్యమం మీద పరచండి. 30 డిగ్రీల దగ్గర రెండు రోజులు. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లే పనికొస్తాయి.

మట్టిలో ఉన్నవాటిలో చాలా చిన్న భాగమే ఇలా ప్లేటు మీద పెరుగుతుంది. 2015లో వెలుగు చూసిన టీక్సోబాక్టిన్‌ను ఇచ్చిన బ్యాక్టీరియాను మట్టిలోనే పాతిపెట్టిన చిన్న చిన్న గదుల్లో పెంచారు, ఎందుకంటే మామూలు ప్లేటు దానికి నచ్చదు. మనం ఆ జోలికి పోవడం లేదు. ప్లేటు మీదికి తేలికగా వచ్చేవాటితోనే చేతినిండా పని ఉంటుంది.

ఇప్పుడు ఎవరిమీద పరీక్షించాలి? పరీక్షకు వాడే జీవి ఎప్పుడూ హాని లేనిదై ఉండాలి. నేను మూడింటిని వాడతాను: మైక్రోకాకస్ లూటియస్, బాసిల్లస్ సబ్‌టిలిస్ ప్రయోగశాల జాతి, ఈ. కోలై కె-12. రోగకారకాలను తెచ్చి "నిజమైన శత్రువు మీద చూద్దాం" అనే ఉత్సాహాన్ని నేను మొదట్లోనే ఆపేస్తాను. బ్యాక్టీరియోసిన్లు ఎక్కువగా దగ్గరి చుట్టాలనే చంపుతాయి. గ్రామ్ పాజిటివ్ జాతుల నుంచి వచ్చే చిన్న బ్యాక్టీరియోసిన్లకు ఈ. కోలై బయటి పొర గోడకట్టినట్లు అడ్డుపడుతుంది. నేను ఊళ్లో లేని రోజుల్లో ఒక విద్యార్థిని ఈ. కోలై ఒక్కదానితోనే మూడు వారాలు పనిచేసి, ఈ మట్టిలో ఏమీ లేదని రాసి పెట్టింది. అవే కాలనీలను మైక్రోకాకస్ మీద పెడితే మర్నాటికి తొమ్మిది వలయాలు.

పై పొర పద్ధతి

కిక్కిరిసిన ప్లేటులో కాలనీల మధ్య ఖాళీలు వెతకడం పాత పద్ధతి. నాకది నచ్చదు, ఎవరు ఎవరిని చంపారో తేలదు. పుల్లలతో ఒక్కో కాలనీ నుంచి కొంచెం తీసి కొత్త ప్లేటు మీద గళ్లలో చుక్కలుగా పెట్టండి, ప్లేటుకు ఇరవై చాలు. అదే వరుసలో ఇంకో ప్లేటు కూడా పెట్టండి, అది మూల ప్లేటు. మొదటిదాన్ని చంపబోతున్నాం కాబట్టి మూల ప్లేటు లేకపోతే చేతికి మిగిలేది ఏమీ ఉండదు. మాధ్యమంలో గ్లూకోజు 0.2 శాతానికి మించకుండా చూసుకోండి, లేదా పూర్తిగా తీసేయండి. నా ఎర్ర సిరా పేజీలో అది 2 శాతం.

ఒక రోజు పెరిగాక చుక్కలను క్లోరోఫామ్ ఆవిరితో చంపాలి. ఆవిరి గూడులో, మూతలో కొద్దిగా క్లోరోఫామ్ పోసి ప్లేటును దానిమీద బోర్లించి అరగంట, ఆపైన మూత తీసి ఇంకో అరగంట ఆరనివ్వాలి. ఇందుకు గాజు ప్లేట్లే వాడండి. నేను మొదటిసారి పాలిస్టైరీన్ ప్లేట్లతో చేశాను. అరగంట తరువాత వచ్చి చూస్తే మూతలు పాలరాయిలా తెల్లబడి, అడుగులు మెత్తబడి, నలభై గంటల పని ముద్దయి కూర్చుంది. క్లోరోఫామ్ ఆ ప్లాస్టిక్‌ను కరిగిస్తుందని సీసా తెరిచేముందు నాకెవరూ చెప్పలేదు.

తరువాత 0.7 శాతం మెత్తని అగర్ 5 మిల్లీలీటర్లు కరిగించి 45 డిగ్రీలకు చల్లార్చండి. గొట్టాన్ని చేతి వెనక ఆనిస్తే వేడి తెలియాలి, చురుక్కుమనకూడదు. అందులో రాత్రంతా పెరిగిన పరీక్ష జీవిని 0.1 మిల్లీలీటరు కలిపి, బుడగలు రాకుండా తిప్పి, ఒక్క ఊపున ప్లేటు మీద పోయండి. ఆలోచిస్తూ పోస్తే గడ్డలు కడుతుంది. మర్నాడు పొరంతా మసకగా, చుక్కల్లో కొన్నిటి చుట్టూ గాజులా స్వచ్ఛమైన వలయాలు కనిపిస్తాయి.

వలయం ఇచ్చిన చుక్కను మూల ప్లేటులో వెతికి, రెండుసార్లు గీతలు గీసి శుద్ధి చేసి, ఆ రోజే 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. "ముందు పరీక్షలు పూర్తి కానీ, తరువాత దాద్దాం" అనుకోవద్దు. చాలా బ్యాక్టీరియోసిన్ల జన్యువులు ప్లాస్మిడ్ల మీద, అంటే కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరాల మీద, ఉంటాయి. పదేపదే కొత్త మాధ్యమానికి మారుస్తూ పోతే కొన్ని కణాలు ఆ ప్లాస్మిడ్‌ను వదిలించుకుని హాయిగా, వేగంగా పెరుగుతాయి. చూడడానికి అదే కాలనీ, వలయం మాత్రం ఉండదు.

ద్రవంలోకి

ఇక కణాలను పక్కన పెట్టి, అవి వదిలిన ద్రవంతోనే పని. జాతిని ద్రవ మాధ్యమంలో కుదుపుతూ పెంచి, 8 గంటల నుంచి మొదలుపెట్టి నాలుగేసి గంటలకు ఒకసారి నమూనా తీయండి. ఇది రాత్రి నిద్ర పాడుచేసే పనే, కానీ తప్పదు. బాసిల్లస్ సాధారణంగా వేగంగా పెరిగే దశ ముగిసే వేళకు ఈ ప్రోటీన్లను వదులుతుంది. అదే జీవి ఆ తరువాత ప్రోటీన్లను నరికే ఎంజైములను కూడా బయటికి వదులుతుంది. తాను నేసిన వల తానే తెంపుకుంటుంది. ఒక జాతికి 20వ గంటలో వచ్చిన 18 మిల్లీమీటర్ల వలయం 48వ గంట నమూనాలో అసలే లేకపోవడం చూశాను. "రెండు రోజులు పెంచి చూశాను, ఏమీ లేదు" అని చెప్పేవారిని నేను మొదట అడిగేది ఇదే: మొదటి రోజు చూశారా?

నమూనాను 4 డిగ్రీల దగ్గర 10,000 జి బలంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలు అడుగుకు చేరాక పైన మిగిలిన ద్రవాన్ని, అంటే పైతేటను, 0.22 మైక్రాన్ల వడపోత గుండా పంపండి. చిన్న పెప్టైడ్లకు నీటిమీద కంటే పొరలమీద ప్రేమ ఎక్కువ, కొన్ని రకాల వడపోత పొరలకు అతుక్కుని అక్కడే ఉండిపోతాయి. ప్రోటీన్లను తక్కువగా పట్టుకునే పొరను ఎంచుకుని, మొదటిసారి వడకట్టిన ద్రవాన్నీ వడకట్టని ద్రవాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి.

పరీక్ష జీవిని కలిపిన అగర్‌లో 6 మిల్లీమీటర్ల గుంటలు కోసి, ఒక్కోదాని అడుగున కరిగిన అగర్ చుక్క వేసి మూసి, 50 నుంచి 100 మైక్రోలీటర్ల పైతేట పోయండి. ఆ చుక్క వేయకపోతే ద్రవం అగర్ కిందికి జారి, వలయం బదులు వంకరటింకర మరక వస్తుంది. వెంటనే ఇంక్యుబేటర్‌లో పెట్టకండి. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే పరీక్ష జీవి మేలుకునేలోపు ప్రోటీన్ బయటికి పాకుతుంది. వలయం చిన్నదైతే ప్రోటీన్ బలహీనమైనదని అనుకోకండి. పెద్ద అణువు అగర్‌లో మెల్లగా కదులుతుంది. ధన విద్యుదావేశమున్న పెప్టైడ్లను అగర్‌లోని రుణావేశ భాగాలు పట్టి ఉంచుతాయి. అనుమానమొస్తే అగర్ బదులు దాని శుద్ధ రూపమైన అగరోజ్ వాడి చూడండి, కొన్నిసార్లు వలయం ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

ప్రతి ప్లేటులోనూ ఒక గుంటలో ఏ జీవీ పెరగని ఖాళీ మాధ్యమం ఉండాలి. ఇది లేని ప్లేటు ఫోటోను నేను చూడను కూడా చూడను.

అనుమానితులు

మొదటి అనుమానితుడు ఆమ్లం. పైతేట పీహెచ్ చూసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో 6.5 నుంచి 7 మధ్యకు తెచ్చి మళ్లీ గుంటలో పోయండి. దానితో పాటు ఎదురు పరీక్ష కూడా చేయండి: ఖాళీ మాధ్యమాన్ని మీ నమూనా మొదటి పీహెచ్‌కు దించి వేరే గుంటలో పోయండి. ఖాళీ మాధ్యమమే వలయం ఇస్తే మీ కథ నా కథే.

రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్. కాటలేజ్ ఎంజైమును మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కలిపి అరగంట ఉంచితే అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విరగ్గొడుతుంది. బాసిల్లస్ జాతులకు సొంత కాటలేజ్ ఉంటుంది కాబట్టి ఈ దోషి అరుదుగానే దొరుకుతాడు. అయినా చేయండి, ఒక గుంట ఖర్చే కదా.

మూడోది ఫేజ్, అంటే బ్యాక్టీరియాను తినే వైరస్. 0.22 మైక్రాన్ల వడపోత దాన్ని ఆపలేదు. దీన్ని పట్టుకునే ఉపాయం తేలిక. పైతేటను పదేసి రెట్లు పలచన చేస్తూ 10 మైక్రోలీటర్ల చుక్కలు పరీక్ష జీవి పొర మీద పెట్టండి. ప్రోటీన్ అయితే పలచన అయ్యేకొద్దీ చుక్క అంతటా సమంగా మసకబారి మాయమవుతుంది. ఫేజ్ అయితే ఒక దశలో చుక్క విడిపోయి, సూదితో పొడిచినట్లు విడివిడి రంధ్రాలు కనిపిస్తాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే ఖాళీ వలయం నుంచి చిన్న అగర్ ముక్క కోసి, కొద్దిగా ఉప్పునీటిలో నానబెట్టి, కొత్త పొర మీద పెట్టి, దాని నుంచి మరోదాని మీద పెట్టండి. ఫేజ్ ప్రతి తరంలోనూ పెరుగుతుంది. ప్రోటీన్ పిల్లలు పెట్టదు, రెండో మూడో దశకు కరిగిపోతుంది.

ఈ ముగ్గురూ నిర్దోషులని తేలాకే ప్రోటీన్‌ను బోనెక్కించాలి. ప్రోటీనేజ్ కె అనే ఎంజైము దాదాపు ఏ మామూలు ప్రోటీన్‌నైనా తుంచుతుంది. నాలుగు గొట్టాలు సిద్ధం చేయండి: ఒకదానిలో పైతేటతో ఎంజైము; రెండోదానిలో పైతేటతో ఉత్త బఫర్ (ఎంజైమును కరిగించడానికి వాడే ద్రావణం); మూడోదానిలో ఖాళీ మాధ్యమంతో ఎంజైము; నాలుగోదానిలో ఖాళీ మాధ్యమంతో ఉత్త బఫర్. ఎంజైము మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండేలా చూసి, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, నాలుగింటినీ 5 నిమిషాలు మరిగించి గుంటల్లో పోయండి. మొదటి గుంటలో వలయం పోయి రెండోదానిలో మిగిలితే మీ చేతిలో ప్రోటీనో, ప్రోటీన్ లాంటిదో ఉంది. రెండో గుంటలో కూడా పోతే మరగడమే దాన్ని చంపి ఉండవచ్చు, ఎంజైము మీద ఏమీ తేలలేదు.

అలాంటప్పుడు నాకిష్టమైన పరీక్ష ఇంకొకటుంది. గుంటలో మామూలు పైతేట పోసి, గుంట అంచుకు 5 మిల్లీమీటర్ల దూరంలో అగర్ మీద ప్రోటీనేజ్ కె చుక్క ఒకటి 5 మైక్రోలీటర్లు పెట్టండి. మరగబెట్టనక్కరలేదు. ప్రోటీన్ అన్ని వైపులా పాకుతూ ఆ చుక్క ఉన్న వైపుకు వచ్చేసరికి తునకలైపోతుంది. మర్నాటికి వలయం గుండ్రంగా కాకుండా ఆ వైపు కొరికినట్లు, నెలవంకలా వస్తుంది. దూరంగా ఎక్కడో ఎంజైము చుక్క ఒక్కటే వేరుగా పెట్టుకోవడం మరవకండి. నెలవంకను చూసిన ప్రతి విద్యార్థీ ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని కాసేపు మాట్లాడరు. నేనూ మాట్లాడించను.

నెలవంక రాలేదంటే? తొందరపడి "ప్రోటీన్ కాదు, ఇంకేదో" అని రాసేయకండి. ఎంజైములకూ ఎంపిక ఉంటుంది. నైసిన్ ఉంగరాల్లా మెలికలు పడిన గొలుసు. అది ట్రిప్సిన్‌కు లొంగదు, ఆల్ఫా కైమోట్రిప్సిన్‌కు లొంగుతుంది. అందుకని కనీసం రెండు వేర్వేరు ఎంజైములు వాడండి. దేనికీ లొంగకపోతే రెండో జట్టును తలచుకోండి. సర్ఫాక్టిన్, ఇటూరిన్ లాంటివి చక్రాకారంలో ఉండి, మామూలు ప్రోటీన్లలో కనిపించని డి-రూపపు అమైనో ఆమ్లాలను కలుపుకుని, కొవ్వు తోకతో తిరుగుతాయి. మామూలు ఎంజైములకు వాటిమీద పట్టు దొరకదు. వాటికి తేలికైన పరీక్ష ఉంది: మైనపు పొర మీద పైతేట చుక్క, పక్కనే ఖాళీ మాధ్యమం చుక్క పెట్టండి. మాధ్యమం ముత్యంలా నిలిచి, పైతేట సబ్బునీళ్లలా చదునుగా పరుచుకుంటే అందులో సర్ఫాక్టిన్ లాంటిది ఉందన్నమాట. ఒకే జాతి ప్రోటీన్‌ను, సర్ఫాక్టిన్‌ను రెంటినీ చేయగలదు. అప్పుడు ఎంజైము వేసినా వలయం కొంత తగ్గి కొంత మిగులుతుంది. ఇలాంటి సగం ఫలితాలను మనకు నచ్చిన వైపుకు సర్దేయడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే మామూలు తప్పు.

వేడి పరీక్ష కూడా కొంత ఆచూకీ చెబుతుంది. 60, 80, 100 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున, ఇంకోదాన్ని ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. వందలో కూడా నిలిచేది చిన్న పెప్టైడ్ అయ్యే అవకాశం ఎక్కువ. 80కే చేతులెత్తేసేది పెద్ద ఎంజైమో, పెద్ద బ్యాక్టీరియోసినో కావచ్చు.

కొలవడం, కూడబెట్టడం

వలయం వెడల్పుతో బలాన్ని పోల్చకండి. పైతేటను రెండేసి రెట్లు పలచన చేస్తూ 10 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టి, చివరిగా ఏ పలచన దాకా ఖాళీ కనిపించిందో చూడండి. అది 32 రెట్లయితే, 32ను 1000తో గుణించి 10తో భాగిస్తే మిల్లీలీటరుకు 3,200 యూనిట్లు. ఇకమీదట ప్రతి మెట్టులోనూ ఈ అంకె రాసుకుంటేనే ప్రోటీన్ ఎక్కడ జారిపోతున్నదో తెలుస్తుంది.

కూడబెట్టడానికి, అంటే ప్రోటీన్‌ను ద్రవంలోంచి విడదీసి ఒకచోట చేర్చడానికి, అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పు. మంచులో ఉంచిన 100 మిల్లీలీటర్ల పైతేటకు 36.1 గ్రాములు వేస్తే 60 శాతం సంతృప్తి వస్తుంది. మెల్లగా కలుపుతూ, చిటికెడు చిటికెడుగా, గంటసేపు వేయండి. ఒక్కసారి గుమ్మరిస్తే అడుగున ఉప్పు గుట్ట, చుట్టూ నురగ తప్ప ఇంకేమీ రాదు. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి.

ఇక్కడ నేను పోగొట్టుకున్నది చెప్పాలి. అడుగున చేరిన ముద్దను జాగ్రత్తగా తీసి, పైనున్న ద్రవాన్ని, దానిమీద తేలుతున్న సన్నని తెట్టునూ సింకులో పారబోశాను. అడుగు ముద్దలో 400 యూనిట్లు కూడా లేవు. నీటికి దూరంగా ఉండే స్వభావమున్న చిన్న పెప్టైడ్లు ఉప్పు ఎక్కువైనప్పుడు మునగవు, తేలతాయి. నేను పారబోసిన ఆ తెట్టే నా ప్రోటీన్. అప్పటి నుంచి పైది, మధ్యది, అడుగుది మూడింటినీ పరీక్షించేదాకా ఏదీ పారబోయను.

తరువాత డయాలిసిస్, అంటే సన్న రంధ్రాల గొట్టంలో పోసి ఉప్పును నీళ్లలోకి వదిలించడం. మామూలుగా అలమరలో ఉండే గొట్టం 12,000 నుంచి 14,000 డాల్టన్ల (అణువుల బరువుకు కొలత) రంధ్రాలది. నైసిన్ బరువు దాదాపు 3,350 డాల్టన్లు, కాబట్టి ఆ గొట్టంలో పోస్తే ఉప్పుతో పాటే నీళ్లలోకి నడిచిపోతుంది. 1,000 డాల్టన్ల గొట్టం వాడండి. అంతే బరువున్న ఉప్పును ఖాళీ మాధ్యమంలో వేసి, అలాగే డయాలిసిస్ చేసి, దాన్నీ ఒక గుంటలో పోయండి. మిగిలిపోయిన అమ్మోనియం సల్ఫేట్ కూడా వలయం ఇవ్వగలదు.

బరువు తెలుసుకోవడానికి, విద్యుత్తుతో ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసే ట్రైసిన్ జెల్ వాడండి. 1987లో షాగర్, ఫాన్ యాగో చూపిన ఈ పద్ధతి చిన్న గొలుసులను కూడా విడదీస్తుంది. మామూలు జెల్‌లో అవి ముందు అంచున రంగుతో కలిసి పోతాయి. నమూనాను రెండు వరుసల్లో వేసి, జెల్‌ను మధ్యకు కోయండి. ఒక సగానికి రంగు వేయండి. రెండో సగాన్ని శుద్ధమైన నీటిలో చాలా గంటలు కడిగి జెల్‌లో వాడిన సబ్బు లాంటి పదార్థాన్ని వదిలించి, పరీక్ష జీవి కలిపిన మెత్తని అగర్ కింద పెట్టండి. మర్నాడు ఖాళీ కనిపించిన చోటు రంగు వేసిన సగంలో ఏ గీతకు ఎదురుగా ఉందో చూడండి. అదే మీ ప్రోటీన్.

జాతి పేరు కోసం 16ఎస్ జన్యువును, బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే సుమారు 1,500 డీఎన్ఏ జతల పొడవున్నదాన్ని, చదివించండి. అది ప్రజాతి దాకా నమ్మకంగా చెబుతుంది. బాసిల్లస్ సీరియస్ గుంపులోని జాతులను మాత్రం విడదీయలేదు, అక్కడ ఆ ఒక్కదాని మీదే ఆధారపడకండి. మొత్తం జన్యుక్రమం చదివించగలిగితే బేగెల్, యాంటీస్మాష్ అనే ఉచిత ప్రోగ్రాములు అందులో బ్యాక్టీరియోసిన్ జన్యువుల గుంపులను వెతికి పెడతాయి. అవి చూపించిన జన్యువు జెల్ చెప్పిన బరువుకు సరిపోవాలి. జన్యువు ఉన్నంత మాత్రాన ఆ ప్రోటీన్ తయారవుతున్నట్లు కాదు.

వాడిన ప్లేట్లు, కల్చర్లు, పుల్లలు, చేతితొడుగులు అన్నీ 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో కనీసం అరగంట ఉంచాకే బయటికి వెళ్లాలి. మీరు 80 డిగ్రీలకు చావని వాటినే ఏరి పెంచారని గుర్తుంచుకోండి. క్లోరోఫామ్ తగిలినవి మాత్రం నేరుగా ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. ముందు ఆవిరి గూడులో పూర్తిగా ఆరనివ్వండి. మిగిలిన క్లోరోఫామ్ దానికి కేటాయించిన సీసాలోకే పోవాలి, సింకులోకి కాదు.

ఇన్నేళ్లలో ఈ దారిన చివరిదాకా నేను నడిపించగలిగినవి నాలుగు జాతులే. అన్నిటికంటే ఆశపెట్టింది 47-బి. నెలవంక చక్కగా వచ్చింది, 100 డిగ్రీలకు చెక్కుచెదరలేదు, జెల్‌లో ఒక్క గీత. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఇచ్చిన అంకె సుమారు 3,320 డాల్టన్లు. పట్టికలో చూస్తే అది సబ్‌టిలిన్, 1940ల నుంచి అందరికీ తెలిసినదే. ఎర్ర సిరా పెన్ను అప్పటికి బల్ల మీదే ఉంది. ఈసారి దానితో "సబ్‌టిలిన్" అని రాసి, తేదీ వేశాను. కొత్తది కాకపోయినా ప్రోటీన్ అన్న మాట మాత్రం తప్పు కాలేదు. 47-బి ఇప్పటికీ మైనస్ 80లో ఉంది. కొత్త విద్యార్థులు వచ్చిన ప్రతిసారీ వాళ్ల ప్లేటులో ఒక గుంటలో దాని పైతేటనే పోయిస్తాను, నిజమైన వలయం ఎలా ఉంటుందో పక్కన పెట్టుకుని చూడడానికి.